మరొకరి చేతికిచ్చే బేస్ కాగితం



తాను రోజూ వాయించే బేస్ గిటార్ వరుసను మరొక వాద్యకారుడి కోసం కాగితం మీద పెట్టవలసి వచ్చినప్పుడు, చాలామంది తమ వేళ్లకు తెలిసినదంతా రాయబోతారు; ఆ కాగితాన్ని చదవబోయేది పాటను ఒకటి రెండుసార్లు మాత్రమే విని వేదిక ఎక్కే మనిషి అన్న సంగతి ఆ తొందరలో మరుగున పడుతుంది. చదివేవాడు తనంతట తాను ఊహించలేనిదాన్ని స్పష్టంగా రాయడం, అతని చేతికి అలవాటుగా వచ్చేదాన్ని విడిచిపెట్టడం అన్నదే ఈ పనిలో అసలు వివేకం. చిరంజీవి మేనల్లుడు తన బదులు వాయించబోయే మిత్రుడికి పాటల కాగితాలు సిద్ధం చేస్తున్నట్టు తెలిసినందున, ఆ వివేకం ఏయే చోట్ల ఎలా అక్కరకు వస్తుందో వివరించడానికి ఈ లేఖ.

కొంత రాసి కొంత వాద్యకారుడికి వదిలే పద్ధతి పాతదే. 1602లో వెనిస్‌లో లొడోవికో వియదానా ప్రచురించిన చర్చి సంగీత రచనలలో ఆర్గన్ వాద్యకారుడికి అట్టడుగు స్వరాల వరుస ఒక్కటే ఇచ్చి, దాని మీద కట్టవలసిన కార్డులను, అంటే ఒకేసారి మోగే స్వరసముదాయాలను, అతని విజ్ఞతకు వదిలారు. నేటి పాటల బృందాలలో ఈ పంపకం తలకిందులై, కార్డుల పేర్లు రాసి ఇచ్చి అడుగు వరుసను బేస్ వాద్యకారుడికి వదులుతున్నారు. అందువల్ల కార్డుల కాగితమే అన్నిటికంటే సులువైన ఆరంభం. ప్రతి కార్డుకూ ఆధారమైన స్వరాన్ని రూట్ అంటారు గనుక, ఆ రూట్ ఎప్పుడు మారుతుందో తెలిసిన వాద్యకారుడు పాటలో ఎక్కువ భాగాన్ని ఎవరి సాయమూ లేకుండా నడపగలడు.

కాగితం తలభాగంలో స్కేల్, వేగం, తీగల శ్రుతి ఉండాలి. స్కేల్ విషయంలో మన బృందాలలో ఒక చిక్కు ఉంది. కీబోర్డ్ వాద్యకారులు కొందరు తమకు అలవాటైన మెట్ల మీదనే వేళ్లుంచి, ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి శ్రుతిని పైకో కిందికో జరుపుకొంటారు కాబట్టి, వారి నోట ‘సి’ అని వచ్చిన కార్డు స్పీకర్‌లో ‘డి’గా మోగుతూ ఉండవచ్చు; బేస్ గిటార్‌కు అటువంటి మీట లేదు గనుక, కాగితం మీద ఎప్పుడూ మోగే స్కేలే ఉండాలి. అలాగే నాలుగు తీగల బేస్‌లో లావు తీగ నుంచి సన్న తీగ వరకు ‘ఇ’, ‘ఏ’, ‘డి’, ‘జి’ అన్నది మామూలు శ్రుతి; చిరంజీవి ఐదు తీగల వాద్యం మీద, ‘బి’ తీగను వాడి ఆ ‘ఇ’ కంటే కింది స్వరాన్ని వాయించిన చోట, నాలుగు తీగలవాడికి ఆ స్వరం దొరకదు కాబట్టి దాన్ని ఒక స్థాయి పైకి జరిపి రాయాలి.

ఆ తరువాత రాయవలసింది పాట నడక. పల్లవి ఎన్ని బార్లు, ఇంటర్‌లూడ్ ఎన్ని, చరణం ఎన్ని, రెండో చరణం ముందు అదనంగా రెండు బార్లు ఉన్నాయా అన్నవి, ఏ స్వరం వాయించాలన్న దానికంటే ముందు తెలియాలి. ఇక్కడ బార్ అంటే సాధారణంగా నాలుగు బీట్ల కొలత, తాళంలో ఆవర్తనం వంటిది. ఒక వరుసకు నాలుగు బార్లు చొప్పున గీసి, ప్రతి భాగాన్నీ కొత్త వరుసలో మొదలుపెడితే, దారి తప్పిన కన్ను వెంటనే చోటు వెతుక్కోగలదు.

కార్డులను పేర్లతో కాక అంకెలతో రాసే పద్ధతి ఒకటి అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలలో పెరిగింది. 1950ల చివర జోర్డనేర్స్ గాయకబృందానికి చెందిన నీల్ మాథ్యూస్ దాన్ని గానం కోసం కల్పించగా, చార్లీ మెకాయ్ తదితర వాద్యకారులు కార్డులకు అన్వయించుకున్నారు. స్కేల్‌లోని ఏడు స్వరాలకు 1 నుంచి 7 వరకు అంకెలిచ్చి, ఏ స్వరం మీద కార్డు నిలుస్తుందో ఆ అంకెను రాయడం, మైనర్ కార్డు అయితే పక్కన చిన్న అడ్డగీత పెట్టడం, ఒకే బార్‌లో రెండు కార్డులు వస్తే ఆ రెండు అంకెల కింద గీత గీయడం, బార్ అంతా ఒకే దెబ్బ మోగుతూ నిలవాలంటే అంకె చుట్టూ డైమండ్ గుర్తు వేయడం ఇందులోని ముఖ్య సంకేతాలు. ‘జి’ స్కేల్‌లో 1 అంటే జి, 4 అంటే సి, 5 అంటే డి, అడ్డగీతతో 6 అంటే ఇ మైనర్. గాయనికి గొంతు బాగాలేక ఆ పూట ‘ఎఫ్’లో పాడతానంటే కాగితం తలభాగాన ఒక్క అక్షరం మార్చితే చాలు, తక్కినదంతా అలాగే చెల్లుతుంది.

ఆ మిత్రుడు కర్ణాటక సంగీతం నేర్చినవాడైతే ఈ అంకెలు అతనికి కొత్తవి కావు. 1, 4, 5, 6 అన్నవి షడ్జమం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతమే. అటువంటి వాడికి సరిగమలతోనే రాయవచ్చు, పైగా స్వరాన్ని ఒక అక్షరకాలం సాగదీయడానికి కామా, రెండు అక్షరకాలాలకు సెమీకోలన్, మంద్రస్థాయికి అక్షరం కింద చుక్క అనే సౌకర్యాలు అంకెల పద్ధతిలో ఇంత సులభంగా లేవు. కాకపోతే ‘స’ అన్నది పాట అంతటికీ ఆధారశ్రుతియే తప్ప ప్రతి కార్డుకూ మారే రూట్ కాదని పైన ఒక మాట రాయడం అవసరం. అలాగే స్వరాక్షరం ఒక్కటే మేజరో మైనరో చెప్పదు కాబట్టి, రూట్‌ను దాటి కార్డులోని ఇతర స్వరాలను కూడా తాకే వాద్యకారుడికి కార్డు పేరు తోడుగా ఉండాలి.

రూట్ కాని స్వరం అడుగున నిలిచే చోట్లు మాత్రం ఎంత మంచి వాద్యకారుడికైనా ఊహకు అందవు. గీత వేసి కార్డు పేరు ఒక పక్కన, అడుగు స్వరం మరో పక్కన రాసేదాన్ని స్లాష్ కార్డ్ అంటారు. సి, తరువాత ‘బి’ అడుగున ఉన్న జి, ఆ తరువాత ఏ మైనర్ వచ్చే పాటలో బేస్ ‘సి’, ‘బి’, ‘ఏ’ అని మెట్టుమెట్టుగా దిగుతుంది గనుక, ఆ గీత రాయడం మరిచిపోతే కొత్తవాడు మధ్యలో ‘జి’ వాయించి ఆ దిగుడును చెడగొడతాడు. అందులో అతని తప్పేమీ ఉండదు.

లయ విషయంలో చాలా కాగితాలు మూగవి. నాలుగు బీట్లను ఒన్, టూ, త్రీ, ఫోర్ అని లెక్కించి, ఒక్కో బీట్ సగాన్ని ‘అండ్’ అనే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి, పాటను నడిపే ఒక్క బార్ నమూనాను ఆ లెక్కలోనే రాసి, ఉదాహరణకు ఒన్ మీద ఒక దెబ్బ, టూ తరువాతి అండ్ మీద ఒకటి, త్రీ మీద ఒకటి అని చూపి, ‘పల్లవి అంతా ఇదే’ అంటే ముప్పై బార్లు రాసే శ్రమ తప్పుతుంది. కిక్ డ్రమ్ ఎక్కడ పడుతుందో ఆ నమూనా కిందనే గుర్తిస్తే మరీ మంచిది. బార్ మొదట్లో రావలసిన కార్డు అంతకు ముందటి బార్‌లోని ఫోర్ తరువాతి అండ్ మీదనే వచ్చేసే చోట్లను పుష్ అంటారు. బృందమంతా ముందుకు దూకినప్పుడు బేస్ ఒక్కటే సగం బీట్ వెనుక పడటం కంటే వికారంగా వినిపించేది మరొకటి ఉండదు కాబట్టి వీటిని ఎర్ర సిరాతో రాసినా తప్పులేదు. స్వరం ఎక్కడ ఆగాలన్నది కూడా లయలో భాగమే.

ఇక టాబ్ సంగతి. తీగకొక గీత చొప్పున నాలుగు గీతలు గీసి, అట్టడుగు గీతను ‘ఇ’ తీగగా భావించి, ఏ ఫ్రెట్‌ను నొక్కాలో అంకెగా రాసే పద్ధతి ఇది. అదే ‘డి’ స్వరం ‘ఇ’ తీగ పదో ఫ్రెట్ మీద, ‘ఏ’ తీగ ఐదో ఫ్రెట్ మీద, ‘డి’ ఖాళీ తీగ మీద మూడు రంగులతో పలుకుతుంది గనుక, ఏ చోట వాయించాలన్నది ముఖ్యమైన వరుసలకు టాబ్‌ను మించిన సాధనం లేదు. అయితే మామూలు టాబ్ కాలాన్ని చెప్పదు, స్కేల్ మారితే మొత్తం తిరగరాయాలి, పాట అంతా టాబ్‌లో నింపితే వేదిక మీద ఎవరూ చదవలేరు. చిన్న చిన్న ముక్కలకే దాన్ని వాడి, పైన బీట్ లెక్క వేస్తే ఆ లోపం చాలావరకు తీరుతుంది.

బేస్ తానే ఒక రాగంగా నడిచే పాటలలో ఈ దగ్గరిదారులేవీ పనికిరావు. ఇళయరాజా ప్రతి వాద్యానికీ తన చేత్తోనే స్టాఫ్ నొటేషన్‌లో రాసి ఇచ్చే స్వరకర్త. ఆయన పాటల్లో బేస్ తరచు గాత్రానికి ఎదురు రాగంగా సాగుతుంది గనుక, రూట్ మాత్రమే రాసి ఇస్తే పాటలో సగం పోయినట్టే. అక్కడ ఐదు గీతల మీద బేస్ క్లెఫ్‌తో రాయడమే న్యాయం, ఆ వాద్యం రాసినదానికంటే ఒక స్థాయి కింద మోగుతుందన్న నియమం చదివేవాడికి తెలిసే ఉంటుంది. కానీ ప్రతి పాటకూ ఆ నిష్ఠ అక్కర్లేదు. మోటౌన్ రికార్డు సంస్థ బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ వాదనాన్ని 1989లో ఆలన్ స్లట్‌స్కీ అక్షరం పొల్లుపోకుండా లిఖించాడు; అది అధ్యయనానికి అమూల్యమైన గ్రంథమే గాని, సాయంత్రం వాయించబోయే కొత్తవాడికి అటువంటి పేజీని ఇవ్వడం దయ అనిపించుకోదు.

వెనక్కి వెళ్లమని, అక్కడి నుంచి చివరి భాగానికి దూకమని చెప్పే గుర్తులు కాగితాన్ని పొదుపు చేస్తాయే తప్ప చదివేవాడి ప్రాణాన్ని కాదు; రెండో పేజీ అయినా సరే, వరుసగా రాయడం మేలు. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో స్టాఫ్‌ను, టాబ్‌ను ఒకదాని కింద ఒకటి చూపవచ్చు గాని, పెన్సిల్ కాగితాన్ని వేదిక పక్కనే దిద్దవచ్చు. పూర్తయిన కాగితాన్ని, ఆ పాట వాయించని బృంద సభ్యుడెవరికైనా ఇచ్చి, మెట్రోనోమ్ మీద ఒకసారి చదివించి, అతను ఆగిన ప్రతి చోటా ఒక మాటో గుర్తో చేర్చి, అతను చూడకుండానే సరిగా దాటిపోయిన వివరాలను చెరిపేస్తే, మిత్రుడికి చేరవలసిన కాగితం తయారైనట్టే.

ఆశీస్సులతో,
మేనమామ