పుట్టబోయే బిడ్డకు ఏమి ఇద్దాం?

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. బడికి సుద్దముక్కల పెట్టె కావాలన్నా, గ్లోబు కావాలన్నా ముందు ఇండెంటు రాస్తాము. సరుకు వచ్చాక స్టాకు రిజిస్టరులో ఎక్కిస్తాము. బడిలో ఇంత జాగ్రత్తగా ఉండే మేమే, కార్వేటినగరంలో మన సొసైటీ తరఫున బాలింతలకు కిట్లు ఇచ్చేటప్పుడు ఇండెంటు సంగతి మరిచిపోయాము. ఆ పొరపాటు ఎలా బయటపడిందో దాతలకు చెప్పవలసిన బాధ్యత మాకుంది. ఖర్చయింది వారి సొమ్ము కదా.

చూడడానికి కిట్టు బాగానే ఉండింది. సున్నా సైజు గౌన్లు, పౌడరు డబ్బా, కాటుక, ఆవాల దిండు, పాలసీసా, గిలక్కాయ, అన్నీ కలిపి ఒక జిప్పు సంచి. ఇచ్చేటప్పుడు ఫొటోలు కూడా తీయించాము. రెండు నెలల తరువాత వాటిలో ఒక ఇంటికి బిడ్డను చూడడానికి వెళ్లాము. తండ్రి టైలరు. ఒక గది, దానికి ఆనుకుని చిన్న వంటిల్లు. మా సంచి జిప్పు తీయకుండానే అటక మీద ఉంది. దాని పక్కన అలాంటివే ఇంకో రెండు: ఒకటి ఆసుపత్రిలో ఇచ్చినది, మరొకటి అఖీఖా రోజున మేనమామ తెచ్చినది. గోడ మేకుకు వాకరు వేలాడుతోంది. బిడ్డ మాత్రం తండ్రి పాత లుంగీ ముక్కలో హాయిగా నిద్రపోతోంది.

"ఇవన్నీ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు ఆపా. గౌన్లు అప్పుడే పట్టకుండా పోయాయి. రేపు బిడ్డకు సూది వేయించాలి. ఆటోకు డబ్బు అడిగితే ఈయన శనివారం కూలి వచ్చాక చూద్దామంటున్నారు" అని ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది.

మేము తిరిగి వస్తూ దారిలో ఎవరమూ మాట్లాడుకోలేదు.

గౌన్ల లెక్క మాకు తెలియనిది కాదు. మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ అయిదో నెల వచ్చేసరికి ఆరు కిలోలకు చేరుతుంది, ఏడాది నిండేసరికి తొమ్మిది కిలోలవుతుంది. అంటే పుట్టినప్పుడు సరిపోయిన గౌను రెండు నెలలు కూడా పట్టదు. అయినా మనమందరం పుట్టినప్పటి సైజే కొంటాము. అంగడిలో అది ముద్దుగా కనిపిస్తుంది, పైగా ధర తక్కువ. ఆరో నెల సైజులో, ఏడాది సైజులో ఒక్కొక్కటి కొని ఇచ్చేవారు అరుదు. సూది లెక్క కూడా అలాంటిదే. పుట్టిన వెంటనే వేసేవి ఆసుపత్రిలోనే అయిపోతాయి. తరువాత 6, 10, 14 వారాలకు, మళ్లీ తొమ్మిదో నెలకు, ఆపైన 16 నెలలు దాటాక బిడ్డను తీసుకెళ్లాలి. సూది మందు ఉచితమే. దాని దగ్గరకు పోయే దారి మాత్రం, ముఖ్యంగా చుట్టుపక్కల పల్లెల వారికి, ఉచితం కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఇంటి దాకా దింపుతుంది. ఆ తరువాతి ప్రయాణాల సంగతి ఎవరి సంచిలోనూ లేదు.

సంచి ఫొటోలో బాగా పడుతుంది. ఆటో కిరాయి ఫొటోలో పడదు. ఈ మాట మమ్మల్ని మేము అనుకుంటున్నదే, దాతలను కాదు.

పాలసీసా విషయం ఇంకా గట్టిది. పొరుగు వీధిలో ఒక ఏఎన్‌ఎం మా కిట్టు చూసి, "సార్, ఇది చట్టానికి విరుద్ధం" అన్నారు. మేము నమ్మలేదు. చదివి చూస్తే నిజమే. శిశువుల పాలపొడి, పాలసీసాలు, శిశు ఆహారాల గురించి 1992లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. 2003లో దాన్ని ఇంకా బిగించారు. దాని ప్రకారం పాలసీసాను గానీ, పాలపొడి డబ్బాను గానీ అనాథాశ్రమానికి తప్ప మరెవరికీ దానంగా ఇవ్వకూడదు, పంచకూడదు. కారణం మన అందరికీ తెలిసిందే: సీసా చేతికి వస్తే చనుబాలు తగ్గుతాయి, సరిగా మరగబెట్టని సీసాతో విరేచనాలు వస్తాయి. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదని బీఈడీ చేసిన మేము పిల్లలకు పాఠంగా చెబుతాము. అదే చేతులతో సీసాలు పంచాము. తల్లిపాలు అందని బిడ్డ ఉంటే డాక్టరు చెప్పినట్లు నడుచుకోవాలి. దానిని పంపకంతో తీర్చలేము.

మిగతా వస్తువులు కూడా ఒక్కొక్కటిగా జారిపోయాయి. కాటుకలో, సుర్మాలో సీసం కలిసి ఉండే ప్రమాదం ఉన్నందున బిడ్డ కంటికి పెట్టవద్దంటారు. పౌడరు బిడ్డ ఊపిరితో లోపలికి పోతుంది. దిండు, దూది బొమ్మ పడుకున్న బిడ్డ ముక్కుకు అడ్డం పడవచ్చు కనుక వెల్లకిలా, చదునైన పరుపు మీద పడుకోబెట్టాలని పిల్లల డాక్టర్ల మాట. ఇక వాకరు. కెనడా దేశం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. చక్రాలున్న వాకరుతో పిల్లలు మెట్ల మీద నుంచి పడుతున్నారని.

అమెరికాలో దీనికొక పద్ధతి ఉంది. 1924లో చికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ అనే పెద్ద అంగడి పెళ్లికూతుళ్లకు ఏమేమి కావాలో ముందుగా రాయించి పెట్టడం మొదలుపెట్టింది. బంధువులు ఆ పట్టీ చూసి కొంటారు. ఇప్పుడు పుట్టబోయే బిడ్డలకు కూడా రిజిస్ట్రీ అని అదే చేస్తున్నారు. మనకు చదివింపుల పుస్తకం ఉంది. పెళ్లిలో ఒకరు కూర్చుని ఎవరు ఏమి ఇచ్చారో రాస్తారు. అంటే మనం వచ్చిన తరువాత రాస్తాము, వాళ్లు రాకముందు రాస్తారు. కాకపోతే అంగడి వాడు రాయించే పట్టీ పొడుగ్గానే ఉంటుంది, అది వాడి వ్యాపారం. మనకు పొట్టి పట్టీ కావాలి.

ఫిన్లాండు దేశం ప్రభుత్వమే ఇచ్చే పెట్టె గురించి కూడా చెప్పాలి. 1938లో పేద తల్లుల కోసం మొదలైంది, 1949 నుంచి అందరికీ. అందులో బట్టలు, పరుపు ఉంటాయి. ఖాళీ అయిన అట్టపెట్టెలోనే పరుపు వేసి బిడ్డను పడుకోబెట్టవచ్చు. పెట్టె కావాలంటే నాలుగో నెల దాటకముందే గర్భిణి వైద్య పరీక్ష చేయించుకుని ఉండాలి. పెట్టె వద్దనుకుంటే డబ్బు తీసుకోవచ్చు. ఈ రెండు షరతులు మాకు బాగా నచ్చాయి. మన దగ్గర ఎన్‌టీఆర్ బేబీ కిట్టు కూడా సర్కారు ఆసుపత్రిలో కాన్పుతో ముడిపడినదే, తెలంగాణలో 2017లో వచ్చిన కేసీఆర్ కిట్టు కూడా అలాగే ఉండేది. సబ్బు, నూనె, తువ్వాలు వంటివి మన దగ్గరి కిట్టుతోనే వస్తాయి కాబట్టి మేము మళ్లీ కొననక్కరలేదు.

ఈ ఏడాది ఏడో నెలలోనే ఇంటికి వెళ్లి తల్లిని అడుగుతున్నాము. ఏమి ఉంది, ఎవరు ఏమి తెస్తామన్నారు, ఏ నెలలో ఏది కావాలి. ఒకే ఒక కాగితం. మొదట్లో చాలా కష్టమైంది. అడిగి పెట్టించుకోవడం మన ఇళ్లలో నామోషీ. ఏమీ వద్దండీ అని కోడలు అంటుంది, అన్నీ ఉన్నాయండీ అని అత్తగారు అంటారు. బిడ్డ పుట్టకముందు వస్తువు కొనకూడదన్న భయం మరొకటి. మేము ఆ భయంతో వాదించలేదు. "ఇప్పుడు రాసుకుందాం, పుట్టాకే కొందాం" అన్నాము. దానికి అందరూ ఒప్పుకున్నారు. ఇంట్లో మాట చెల్లే నానీని గానీ దాదీని గానీ పక్కన కూర్చోబెట్టుకుంటే కాగితం త్వరగా నిండుతుంది, త్వరగా తగ్గుతుంది కూడా. "ఇది మా పెద్దదానిది ఉందిలే" అని ఆమే కొట్టివేస్తుంది.

ఆ కాగితాల మీద చివరికి మిగిలినవి ఇవి. పొత్తిగుడ్డలు ఇరవై దాకా, వానాకాలం కాన్పయితే ఇంకొన్ని. ఇవి కొత్తవి కానక్కరలేదు, నానీ పాత చీరే మేలు, ఉతికి ఎండలో వేస్తే చాలు. మూడు జతల జుబ్బాలు, అందులో ఒకటే చిన్న సైజు. టోపీ, మేజోళ్లు, చలికాలమైతే దుప్పటి. దోమతెర. ఇక తల్లికి: ముందు బొత్తాలున్న నైటీలు రెండు, ప్యాడ్లు, పప్పు, వేరుశనగలు, గుడ్లకు డబ్బు. ఇవి అడగడానికే సిగ్గుపడతారు, అందుకని మేమే కాగితం మీద ముందే అచ్చు వేయించాము. ఆపైన సూది రోజుల ఆటో కిరాయి, తేదీలు వేసిన కవరులో. ఒకరు "చిల్లా దాకా రోజూ రెండు బిందెల నీళ్లు" అని రాయించారు. ఎదురింటి కాలేజీ కుర్రాడు ఆ పని తీసుకున్నాడు.

మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 వస్తాయి. దరఖాస్తు నింపి పెట్టడం కూడా మా కాగితంలో ఒక వరుస. దీనికి దాత జేబు తీయనక్కరలేదు, ఒక అరగంట కూర్చుంటే చాలు.

అఖీఖా నాడు వచ్చే బంధువుల సంగతి మిగిలింది. బిడ్డ తల వెంట్రుకల బరువుకు సరిపడే వెండి విలువను పేదలకు ఇవ్వడం మన ఆచారం. బిడ్డ పేరు మీద జరిగే మొదటి పని ఇవ్వడమే అయినప్పుడు ఆ ఇంటికే సంచుల మీద సంచులు చేరడం ఏమిటని ఒక దాదీ మాతో అన్నారు. ఆమె తన చుట్టాలందరికీ ఫోను చేసి, తలా కొంత వేసుకుని ఒక ఇనుప ఉయ్యాల కొనమన్నారు. బిడ్డ బోర్లా పడి, కూర్చోవడం నేర్చేదాకా వాడుకుని, దానిని మా సొసైటీకి ఇచ్చేశారు.

అలా అప్పిచ్చే వస్తువులకు ఒక రిజిస్టరు పెట్టాము. ఉయ్యాల, దోమతెర గొడుగు, నీళ్లు కాచే పెద్ద గిన్నె, స్నానపు తొట్టి. వేడినీళ్లతో కడిగి, మరలు బిగించి తరువాతి ఇంటికి పంపుతాము. అటక మీది సంచి కూడా మాకు తిరిగి వచ్చింది. అందులో గౌన్లు రెండు ఇళ్లకు పోయాయి. పాలసీసాలు, కాటుక ఎవరికీ ఇవ్వలేదు, స్టాకు రిజిస్టరులో కొట్టివేసి సంతకం చేశాము. ఉయ్యాల ఇప్పుడు నాలుగో ఇంట్లో ఉంది. దాని కొక్కెం ఒకటి కొంచెం వంగింది. ఈ నెలాఖరుకు తిరిగి వచ్చాక వెల్డింగుకు ఇవ్వాలి.