గేమ్ మీద 16+ అని ఉంటే చట్టం ఏమంటుంది?

'ఎ' సర్టిఫికెట్ ఉన్న సినిమాకు పద్దెనిమిదేళ్లు నిండనివారిని థియేటర్‌లోకి రానివ్వకూడదు. ఇది సినిమాటోగ్రాఫ్ చట్టం పెట్టిన హద్దు. రానిస్తే యాజమాన్యం జవాబు చెప్పుకోవాలి. మరి అదే వయసు పిల్లవాడు 18+ అని రాసి ఉన్న గేమ్‌ను ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఆడుకుంటే? ఆడినంత మాత్రాన ఆ పిల్లవాడిదీ నేరం కాదు, ఫోన్ చేతికిచ్చిన తండ్రిదీ కాదు. మన దేశంలో వీడియో గేమ్‌లను చూసి వయసు రేటింగ్ ఇచ్చే సెన్సార్ బోర్డు లాంటి ప్రభుత్వ సంస్థ లేదు. 2021 ఐటీ నిబంధనలు ఓటీటీ సినిమాలకు, సిరీస్‌లకు వయసు వర్గీకరణను తప్పనిసరి చేశాయి గానీ, గేమ్‌లను ఆ పరిధిలోకి తేలేదు.

అలాగైతే ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద కనిపించే 3+, 7+, 12+, 16+, 18+ అంకెలు ఎవరు వేసినవి? ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతి ప్రకారం వచ్చినవి. గేమ్ తయారుచేసిన కంపెనీ ఒక ప్రశ్నావళి నింపుతుంది. హింస ఉందా, బూతులున్నాయా, జూదం ఉందా అన్న ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను బట్టి అంకె పడుతుంది. కంపెనీ దాచిపెడితే రేటింగ్ ఎలా తప్పుతుందో 2005లో అమెరికా చూసింది. 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' గేమ్ కోడ్‌లో దాగి ఉన్న శృంగార దృశ్యాలు బయటపడ్డాక, అక్కడి రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ తాను 17 ఏళ్లు దాటినవారికని ఇచ్చిన రేటింగ్‌ను 'పెద్దలకు మాత్రమే'గా మార్చాల్సి వచ్చింది.

బ్రిటన్‌లో 12, 16, 18 రేటింగ్ ఉన్న గేమ్ డిస్కును ఆ వయసు లేని పిల్లలకు అమ్మితే 2012 నుంచి దుకాణదారుడిది నేరం. అమెరికా దారి వేరు. హింసాత్మక గేమ్‌లు పిల్లలకు అమ్మరాదంటూ కాలిఫోర్నియా 2005లో చేసిన చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2011లో 7-2 మెజారిటీతో కొట్టేసింది. కాబట్టి అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు కూడా రేటింగ్ ఒక హెచ్చరికే. దుకాణం వాళ్లు ఆపుతారన్న హామీ చట్టంలో లేదు.

రేటింగ్ చూసి నిశ్చింతగా ఉండకూడదనడానికి ఇంకో కారణం ఉంది. ఆ అంకె గేమ్‌లోని బొమ్మలకు, కథకు సంబంధించినది. ఆటలో అవతలి వైపు హెడ్‌సెట్ పెట్టుకుని మాట్లాడే అపరిచితుడికి రేటింగ్ ఎవరిస్తారు? 7+ గేమ్‌లోనూ చాట్ ఉండొచ్చు. అక్కడ ఎవరైనా పిల్లలతో అసభ్యంగా మాట్లాడినా, ఫొటోలు పంపమని వెంటపడినా పోక్సో చట్టం, ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ వర్తిస్తాయి. లైంగిక ఉద్దేశంతో ఆన్‌లైన్‌లో పిల్లల్ని మచ్చిక చేసుకోవడం 67బి కింద అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. ఆ చాట్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి, చెరిపేయకూడదు. పరువు పోతుందని దాచడం వల్ల నేరగాడికే మేలు.

ఇక ఎక్కువ ఇళ్లలో గొడవ మొదలయ్యేది డబ్బు దగ్గర. ఆటలో వాడే డైమండ్లని, యూసీలని, గన్ స్కిన్లని పిల్లలు డబ్బు పెట్టి టాప్‌అప్ చేస్తూ పోతారు. నెలాఖరున బ్యాంకు ఖాతా చూసి తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటారు. ఈ డబ్బు వెనక్కి అడిగే హక్కు ఉందా?

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్ ఒప్పందం చేసుకోవడానికి అర్హుడు కాడు. మైనర్ ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. కలకత్తాలో ఒక మైనర్ తన ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్న వ్యవహారం అది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన కోర్టులకు అదే ప్రమాణం. వయసు ఎక్కువ చెప్పి ఒప్పందం చేసుకున్నంత మాత్రాన మైనర్ మేజర్ అయిపోడు. అందుకే 16+ గేమ్‌ను పదహారేళ్ల అమ్మాయి ఆడుకోవచ్చు గానీ, అందులో డబ్బు పెట్టి చేసే కొనుగోలుకు చట్టం దృష్టిలో ఆమెకు పద్దెనిమిది నిండాలి. రేటింగ్ వయసు, ఒప్పందం వయసు ఒకటి కావు.

కంపెనీ దీనికి ఒక జవాబు సిద్ధంగా పెట్టుకుంటుంది: 'ఖాతా తండ్రిది, కార్డు తండ్రిది, కాబట్టి ఒప్పందం తండ్రితోనే జరిగింది' అని. వాదన పూర్తిగా తేలికైనది కాదు. ఇక్కడే తల్లిదండ్రుల జాగ్రత్తకు చట్టపరమైన విలువ వస్తుంది. పిల్లవాడికి అసలు పుట్టినతేదీతో వేరే ఖాతా తెరిచి, దాన్ని గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా తమ పర్యవేక్షణలో ఉంచుకున్న తల్లిదండ్రులు, ఇతను మైనర్ అని కంపెనీకి ముందే తెలుసని గట్టిగా చెప్పగలరు. తమ ఖాతానే చేతికిచ్చినవారి వాదనకు ఆ బలం ఉండదు.

పిన్ సంగతి మరీ ముఖ్యం. అనధికార లావాదేవీలపై రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఖాతాదారుకు మంచి రక్షణే ఇచ్చింది. అయితే ఖాతాదారు తానే పిన్, పాస్‌వర్డ్ ఇతరులకు చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టం అతనిదే. తెలియజేశాక జరిగే నష్టం బ్యాంకుది. 'పాలు తెమ్మని పంపినప్పుడు యూపీఐ పిన్ చెప్పాను' అన్న తల్లికి ఈ సర్క్యులర్ అక్కరకు రాదు. విషయం తెలిసిన నిమిషాన బ్యాంకుకు ఫోన్ చేయడం ఒక్కటే అప్పుడు మిగిలే దారి.

ఇలా అన్నందుకు తప్పంతా తల్లిదండ్రుల మీదకు నెట్టేయడం న్యాయం కాదు. ఒక్క మీట నొక్కగానే డబ్బు పోయేలా ఆటను తీర్చిదిద్దింది కంపెనీలే. ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ గేమ్స్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోపిన అభియోగాల్లో ఇదీ ఒకటి. 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ 52 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అందులో 27.5 కోట్లు పిల్లల గోప్యత ఉల్లంఘనకు జరిమానా, 24.5 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి చెల్లించడానికి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి మోసపు డిజైన్లు 13 రకాలను గుర్తించి నిషేధించింది. 'ఇంకా రెండు నిమిషాలే' అంటూ లేని తొందర పెట్టడం వాటిలో మొదటిది. పిల్లల గేమ్‌లలో ఈ ఎత్తు కనిపించినప్పుడు తల్లిదండ్రులు ఫిర్యాదు చేయాలి, చేయవచ్చు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని కంపెనీ రూఢి చేసుకోవాలి. పిల్లల వెంటపడి వారి అలవాట్లు గమనించడం, వారిని గురిపెట్టి ప్రకటనలు వేయడం కుదరదు. ఉల్లంఘిస్తే రూ.200 కోట్ల దాకా జరిమానా. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు పిల్లల విషయంలోనైనా తక్కువ ఉండాల్సింది.

డబ్బు పందెం ఉన్న ఆటలకు వయసు ప్రశ్నే లేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం అలాంటి ఆట నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా విధించింది.

డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకండి. గూగుల్ ప్లేలో కొన్నదైతే 48 గంటల్లోపు రిఫండ్ కోరండి, అది దాటితే గేమ్ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి పిల్లల పుట్టినతేదీ రుజువుతో రాయండి. మోసగాళ్ల పనైతే 1930కి, వినియోగదారు ఫిర్యాదుకు 1915కి, పిల్లల భద్రతకు ముప్పు ఉంటే 1098కి ఫోన్ చేయండి. ఎవరూ స్పందించకపోతే మీరు ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రెండేళ్లలోపు వెళ్లాలి. చెల్లించిన మొత్తం అయిదు లక్షల రూపాయల లోపైతే రుసుము ఏమీ లేదు.