పరామర్శించుట అనగా నేమి?

పాఠ్యభాగములు: యాకోబు 1:27, ఎస్తేరు 2:5–11, లూకా 7:11–17, అపొస్తలుల కార్యములు 16:1–3, 2 తిమోతి 1:1–7



మన సంఘములలో ఒక మంచి వాడుక కలదు. ఒక యింటిలో మరణము సంభవించినప్పుడు విశ్వాసులందరు ఆ యింటికి పోవుదురు. రాత్రియంతయు పాటలు పాడుచు, ప్రార్థన చేయుచు, సమాధి కార్యక్రమము ముగియువరకు నిలిచియుందురు. జ్ఞాపకార్థ కూటము నాడు మరల కూడుకొని, విధవరాలికి ఓదార్పు మాటలు చెప్పి వెళ్లుదురు. దీనిని మనము పరామర్శ అందుము. ఇది మంచిదే. అయితే ఆ కూటము ముగిసిన ఆరు నెలలకు ఆ యింటి గడప త్రొక్కువారెవరు? తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆ యింటి కుమారుడు బడికి పోవుచున్నాడో, తాపీ పనివారి వెంట పట్టణమునకు పోవుచున్నాడో యెరిగినవారెవరు? ఈ నెల మన పాఠము ఈ ప్రశ్నను గూర్చినది.

తండ్రి చనిపోయిన యిండ్లను గూర్చి మాత్రమే మేము చెప్పుట లేదు. భర్త విడిచిపోయిన స్త్రీ యిల్లు కలదు. అప్పుల బాధకు తాళలేక ప్రాణము తీసికొనిన కౌలు రైతు ఇల్లు కలదు. భార్య కాలము చేయగా ఇద్దరు ఆడుపిల్లలతో మిగిలిన తండ్రి యిల్లు కలదు. గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు కువైటు మొదలగు దేశములకు ఇంటి పనికి పోయిన తల్లుల పిల్లలు అమ్మమ్మల యొద్ద పెరుగుచున్నారు. ఈ యిండ్లన్నిటిలో ఇద్దరు మోయవలసిన బరువును ఒక్కరే మోయుచున్నారు. ఆ ఒక్కరు కూలికి పోయిన వేళ పిల్లవానిని కనిపెట్టి చూచువారు లేరు. అందుకు ఆ తల్లిని నిందింపరాదు. ఆమెకు తోడు కావలెను.

1. ఒకే మాట, మూడు చోట్లు

నిష్కళంకమైన భక్తికి యాకోబు రెండు గురుతులు చెప్పెను. కష్టములోనున్న దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను పరామర్శించుట మొదటిది. లోకపు మురికి తనకంటకుండ జాగ్రత్తపడుట రెండవది. మన ప్రసంగములలో రెండవ దానిని తరచుగా వినుచున్నాము. మొదటిదానిని గూర్చి విధవరాండ్ర కానుక పంచు దినమున మాత్రమే వినుచున్నాము.

"పరామర్శించుట" అని ఇక్కడ తర్జుమా చేయబడిన గ్రీకు మాట మత్తయి 25:36లోను కలదు. అక్కడ రోగియైనవానిని చూడవచ్చుటను గూర్చి ప్రభువు ఆ మాట పలికెను. లూకా 7:16లోను అదే మాట కలదు. అక్కడ దేవుడు తన ప్రజలకు దర్శనమిచ్చెనని జనులు చెప్పుకొనిరి. సంఘమును కాయు అధ్యక్షునికి కొత్త నిబంధనలో వాడబడిన పేరు కూడ ఈ ధాతువునుండియే పుట్టినది. కాబట్టి యాకోబు చెప్పిన పరామర్శ గుమ్మము యొద్ద నిలిచి క్షేమమడిగి మరలి పోవుట కాదు. కాపరి మందను చూచునట్లు, వైద్యుడు రోగిని చూచునట్లు, ఒకని స్థితిని కనిపెట్టి వాని భారము తనపై వేసికొనుటయే పరామర్శ.

లూకా 7వ అధ్యాయములో జనులు ఆ మాట పలికిన సందర్భమును గమనింపుడి. నాయీను ఊరిలో ఒక విధవరాలి ఒక్కగానొక్క కుమారుని పాడెమీద మోసికొని పోవుచుండిరి. ప్రభువు మొదట చూచినది ఆ తల్లిని. ఆమెయందు కనికరపడెను. కుమారుడు లేచి కూర్చుండి మాటలాడ మొదలుపెట్టగా ఆయన వానిని తన వెంట తీసికొనిపోలేదు, తల్లికి అప్పగించెను. బిడ్డకు మేలు చేయగోరువారు దీనిని మరువకూడదు. తల్లి చేతిలోనుండి బిడ్డను లాగికొనుటకు మనము పోవుట లేదు. ఆమె చేతిని బలపరచుటకు పోవుచున్నాము.

2. మొర్దెకై నడక

ఎస్తేరుకు తల్లియు తండ్రియు లేరు. పినతండ్రి కుమారుడైన మొర్దెకై ఆమెను తన కుమార్తెగా పెంచెను. ఆమె రాజు అంతఃపురమునకు కొనిపోబడిన తరువాత అతనికి లోపలికి పోవు అధికారము లేదు. అయినను ఆమె క్షేమము తెలిసికొనుటకు ప్రతిదినము ఆ అంతఃపురపు ఆవరణము ఎదుట తిరుగుచుండెను (2:11). ఆ నడకలో చెప్పుకొనదగిన గొప్ప కార్యమేమియు లేదు. అతడు ఆ దినములలో ఆమెకు కానుకలు పంపినట్లు వ్రాయబడలేదు. నిన్న వచ్చినవాడు నేడును వచ్చెను.

తరువాత నాలుగవ అధ్యాయములో మొర్దెకై ఎస్తేరుకు కఠినమైన మాట పంపెను. నీవు మౌనముగా నుండిన తప్పించుకొనలేవని హెచ్చరించెను. ఆమె ఆ మాటకు కోపింపక లోబడెను. చిన్ననాటినుండి తన్ను పెంచి, ప్రతిదినము తన క్షేమమును విచారించినవాని మాట గనుక లోబడెను. మన యౌవనస్థులకు బుద్ధి చెప్పుటకు మనము ఎంత త్వరపడుచున్నాము! జులపాల జుట్టును గూర్చి, చేతిలోని ఫోనును గూర్చి గద్దించుచున్నాము. అయితే ఆ బాలుని గుమ్మము ఎదుట మనము ఎన్ని దినములు నడిచితిమి?

3. తిమోతి ఇల్లు

తిమోతి తల్లి యూదురాలు, విశ్వాసి. తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆ తండ్రి పేరైనను లేఖనములో లేదు. ఆ యింటిలో విశ్వాసమును నాటినవారు అవ్వయైన లోయి, తల్లియైన యునీకే. పౌలు లుస్త్రకు వచ్చినప్పుడు ఈ స్త్రీల పనిని త్రోసివేయలేదు. అనేక సంవత్సరముల తరువాత వ్రాసిన పత్రికలో సహితము వారిద్దరి పేర్లు చెప్పి వారి విశ్వాసమును మెచ్చుకొనెను. వారు పెట్టిన పునాదిమీద తాను కట్టెను.

ఎట్లు కట్టెను? తన వెంట నడిపించుకొని కట్టెను. పని నేర్పెను. యౌవనమును బట్టి యెవరును నిన్ను చిన్నచూపు చూడనియ్యకుమని ధైర్యము చెప్పెను. అతని కడుపు జబ్బును సహితము జ్ఞాపకముంచుకొనెను (1 తిమోతి 5:23). చివరి దినములలో తానే అతని సహాయమును కోరి, త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మనియు, చలికాలమునకు ముందే రమ్మనియు వ్రాసెను. సహాయము పొందుట మాత్రమే యెరిగిన బాలుడు కుంగిపోవును. నీ వలన నాకు పని యున్నదని పెద్దవాడొకడు చెప్పినప్పుడు అతడు నిటారుగా నిలుచును.

4. ఇది పరీక్షింపబడిన పని

ఒక్కొక్క పెద్దవాడు ఒక్కొక్క బాలునికి తోడుగా నుండుట వలన నిజముగా మేలు కలుగునా అని కొందరు అడుగవచ్చును. ఈ పనిని నూరు సంవత్సరములకు పైగా చేసి, దాని ఫలములను లెక్కించి చూచిన దేశమొకటి కలదు. 1904లో అమెరికాలోని న్యూయార్కు పట్టణమున పిల్లల న్యాయస్థానములో ఎర్నెస్టు కూల్టరు అనునతడు గుమాస్తాగా పని చేయుచుండెను. చిన్న దొంగతనములకు పట్టుబడిన బాలురు అతని కన్నుల యెదుట నిలువబడుచుండిరి. అతడు ఆ సంవత్సరాంతమున ఒక ప్రెస్బిటేరియను సంఘములోని పురుషుల కూటమునకు పోయి, మీలో ఒక్కొక్కరు ఒక్కొక్క బాలునికి స్నేహితులుగా నుండుడని మనవి చేసెను. సుమారు నలువదిమంది ఒప్పుకొనిరి. అట్లు "పెద్దన్నలు" అను పని పుట్టెను. బాలికల కొరకు "పెద్దక్కలు" అను పనియు సాగెను. 1977లో ఈ రెండును ఒక్క సంస్థగా కూడెను.

ఈ సంస్థ పనిని గూర్చి 1995లో ఒక పరిశోధన ప్రకటింపబడెను. 10 నుండి 16 ఏండ్ల బాలబాలికలు 959 మందిని తీసికొనిరి. వారిలో ఎక్కువమంది ఒంటరి తల్లి లేక ఒంటరి తండ్రి యిండ్లవారు. చీట్లు వేసినట్లుగా వారిని రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపునకు వెంటనే తోడు నిచ్చిరి. రెండవ గుంపును వేచియుండుమనిరి. 18 నెలల తరువాత చూడగా, తోడు పొందిన గుంపులో మాదకద్రవ్యములు మొదలుపెట్టుట 46 శాతము, మద్యము మొదలుపెట్టుట 27 శాతము, బడి ఎగగొట్టుట 52 శాతము తక్కువగా నుండెను. ఆ అన్నలును అక్కలును ఇచ్చినది ధనము కాదు. నెలకు సుమారు మూడు మారులు కలిసికొని కొన్ని గంటలు కలిసి గడిపిరి. అంతే.

అయితే ఇక్కడ మనము భయముతో వినవలసిన మాట ఒకటి యున్నది. ఆ పిల్లల వివరములనే మరల పరిశీలించి 2002లో ఇంకొక వ్యాసము వెలువడెను. స్నేహము ఒక సంవత్సరము లేక అంతకు మించి నిలిచిన పిల్లలకు గొప్ప మేలు కలిగెను. మూడు నెలలలోపలనే తోడు విడిచిపోయిన పిల్లలు తమ్మును తాము మునుపటికంటె తక్కువగా ఎంచుకొన మొదలుపెట్టిరి. దీని కారణము మనకు బోధపడకపోదు. ఒకసారి తండ్రి పోయెను. ఇప్పుడు అన్నయు పోయెను. నేనే పనికిరానివాడనని ఆ పిల్లవాడు తలంచును.

కాబట్టి మేము తేటగా చెప్పుచున్నాము: ఒక సంవత్సరము నిలువలేనివాడు ఈ పరిచర్యను మొదలుపెట్టకుండుట మేలు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పలేదా (లూకా 14:28)? ఈస్టరు నాటి ఉద్రేకములో చేయెత్తి, వరికోతల నాటికి మరచిపోవుట ఆ బిడ్డను రెండవ మారు తండ్రిలేనివానిగా చేయుటయే.

5. మన గ్రామములలో ఎట్లు చేయవలెను?

మొదట సంఘ పెద్దలును కాపరియు కూర్చుండి అట్టి పిల్లల పేర్లు వ్రాసికొనవలెను. ఆ జాబితాను ఆరాధనలో చదువకూడదు. ఎవని బీదతనమును మైకులో చాటకూడదు.

రెండవది, తల్లి లేక అమ్మమ్మ యొద్దకు పోయి, మీ కిష్టమా అని అడుగవలెను. పిల్లవానిని కూడ అడుగవలెను. ఆమె వద్దనిన యెడల నొచ్చుకొనక మరలి రావలెను.

మూడవది, ఒక్క తోడుకు ఒక్క బిడ్డయే. బాలునికి పురుషుడు, బాలికకు స్త్రీ తోడుగా నుండవలెను. మన ఊళ్ల నోళ్లు మన కెరుకయే. పురుషుడొకడు విధవరాలి యింటికి పదిమారులు పోయిన యెడల నింద ఆమెమీద పడును. కాబట్టి భార్యాభర్తలు కలిసి ఆ యింటికి పోవుట, బాలుని గుడి వరండాలోగాని పదిమంది కనబడు చోటగాని కలిసికొనుట క్షేమము.

నాలుగవది, తోడుగా నుండుటకు గొప్ప చదువు అక్కరలేదు. రైతు తన చేనికి పిలిచికొనిపోవచ్చును. సైకిలు బాగుచేయువాడు ఆ పని చూపవచ్చును. పొదుపు సంఘములో లెక్కలు వ్రాయు సహోదరి ఆ బాలికకు లెక్కలు నేర్పవచ్చును. పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున కళాశాల దరఖాస్తుకు ఎవరు సంతకము చేయుదురు, ఎవరు వెంట పోవుదురు అని బిడ్డ బెంగపడును. ఆ దినమున వెంట పోవుట ఒక ప్రసంగముతో సమానము. పదునారేండ్లకే ఆమెకు పెండ్లి చేయుదమని బంధువులు కూడుకొనినప్పుడు, పదునెనిమిది నిండక మునుపు చట్టము ఒప్పుకొనదని మర్యాదగా చెప్పుటకు ఒక అక్క తల్లి ప్రక్కన ఉండవలెను.

కాగితముల పనిలోను సహాయము కావలెను. ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకము యొక్క 2022 నాటి మార్గదర్శకములలో, విధవరాండ్ర పిల్లలకును, భర్త విడిచిన స్త్రీల పిల్లలకును నెలకు 4,000 రూపాయల సహాయము చెప్పబడినది. గ్రామములలో కుటుంబపు ఆదాయము సంవత్సరమునకు 72,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ కార్యాలయమున దరఖాస్తు చేసికొనవలెను; అచ్చటి కమిటీ ఒప్పుకొనవలెను. కూలి మానుకొని మూడు మారులు తిరుగలేని తల్లికి బదులు తిరుగువాడు నిజముగా పరామర్శించినవాడు.

అయిదవది, జాగ్రత్త. మంచివాడని పేరు పొందిన ప్రతివానిని ఏమియు అడుగక పిల్లల యొద్దకు పంపకూడదు. మూసిన గదిలో ఒంటరిగా ఎవరును బిడ్డతో ఉండకూడదు. రహస్యముగా కానుకలు ఇయ్యకూడదు, రాత్రివేళ ఫోను చేయకూడదు. నెలకొకసారి కాపరిగాని, కాపరి భార్యగాని తల్లిని, బిడ్డను వేర్వేరుగా విచారింపవలెను. బిడ్డకు కీడు జరిగినట్లు తెలిసిన యెడల సంఘ పరువు కొరకు కప్పిపెట్టుట పాపము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసియు పోలీసువారికి తెలుపకుండుట నేరము కూడ. 1098 అను నంబరుకు ఫోను చేసిన యెడల పిల్లలకు సహాయము దొరకును.

ఆరవది, మొదటనే సంస్కరింపబూనకూడదు. అమెరికాలో జరిగిన పరిశీలనలోను, పిల్లవానిని మార్చవలెనని త్వరపడినవారి స్నేహములు ఎక్కువగా తెగిపోయెను. మొదట స్నేహము సంపాదించినవారివి నిలిచెను.

తప్పనిసరియై ఊరు విడిచిపోవలసి వచ్చిన యెడల ఏమి చేయవలెను? ప్రభువు తన శిష్యులను విడిచి వెళ్లకముందు వారికి దానిని ముందుగా తెలిపెను. మిమ్మును అనాథలుగా విడువనని మాట యిచ్చి, వేరొక ఆదరణకర్తను వాగ్దానము చేసెను (యోహాను 14:16–18). మనమును అట్లే బిడ్డకు ముందుగా చెప్పి, మరియొక తోడును చూపించి, ఆశీర్వదించి వెళ్లవలెను. చెప్పకుండ మాయమగుట మాత్రము కూడదు.

సహోదరులారా, మన సంఘములలో నలువదిమంది అక్కరలేదు. ముగ్గురు చాలును. ముగ్గురు పిల్లలు ఈ సంవత్సరము బడి మానకుండిన యెడల, ముగ్గురు తల్లులు రాత్రి కొంత నెమ్మదిగా నిద్రించిన యెడల, దేవుడు తన ప్రజలను దర్శించెనని మన ఊరివారును చెప్పుకొందురు. తండ్రిలేనివారికి తండ్రియైన దేవుడు మనలను ఈ పనికి నమ్మకమైనవారినిగా చేయునుగాక. ఆమేన్.

ఆదివారపు కూటములో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. నాయీను విధవరాలి కుమారుని ప్రభువు తల్లికే అప్పగించుటలో మనకు కలుగు పాఠమేమి?

2. మొర్దెకై హెచ్చరికకు ఎస్తేరు ఎందుకు లోబడెను?

3. మన సంఘములో ఒక సంవత్సరము నిలువగలవారు ఎవరు? ఈ వారము వారిని ఎవరు పోయి అడుగుదురు?