కుక్కలలో కీళ్ల అరుగుదల వ్యాధి: బరువు నియంత్రణ, అనుబంధ పోషకాల పాత్ర

నడివయసు దాటిన లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ వంటి పెద్ద జాతి కుక్కలలో తరచుగా కనిపించే సమస్య కీళ్ల అరుగుదల వ్యాధి. కుక్క కుంటడం గమనించిన యజమాని సాధారణంగా మందుల దుకాణంలో కీళ్ల మాత్రలో, టానిక్కో కొని వాడిన తరవాతనే పశువైద్యశాలకు వస్తాడు. అప్పటికి మాత్రలు మారి ఉంటాయి గాని కుక్కను ఒక్కసారైనా తూచి ఉండరు. అనుబంధ పోషకాలకు ఈ వ్యాధి చికిత్సలో స్థానం ఉంది. అయితే అది మొదటి స్థానం కాదు. ఏది ముందు, ఏది తరవాత అన్న క్రమం తప్పితే డబ్బు వృథా కావడమే కాక కుక్క నెలల తరబడి నొప్పి అనుభవిస్తుంది.

వ్యాధి స్వభావం

కీలులో ఎముకల కొనలను కప్పి ఉండే మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. అందువల్ల ఒకసారి దెబ్బతిన్న మృదులాస్థి పూర్తిగా పూర్వస్థితికి రాదు. కీలు పొరలో వాపు ఏర్పడి, కీలు ద్రవం పలచబడి, ఎముక అంచులలో కొత్త ఎముక పెరుగుతుంది. మనుషులలో ఈ వ్యాధి ఎక్కువగా వయసుతో ముడిపడి ఉంటుంది. కుక్కలలో మాత్రం చాలా సందర్భాలలో మూలం వేరే లోపం. తుంటి లేదా మోచేయి డిస్‌ప్లేసియా, మోకాలి చిప్ప జారడం, మోకాలిలోని క్రూసియేట్ సంధి బంధనం తెగడం ముఖ్య కారణాలు. కాబట్టి ఏడాది వయసు కుక్కలో కూడా ఈ వ్యాధి మొదలై ఉండవచ్చు.

లక్షణాలు, నిర్ధారణ

దీర్ఘకాలిక నొప్పి ఉన్న కుక్క అరవదు, తన నడవడిక మార్చుకుంటుంది. నిద్ర లేచిన వెంటనే బిగుసుకుని నడవడం, మెట్లు ఎక్కడానికి వెనుకాడడం, వాహనంలోకి దూకకపోవడం, వెనుక కాళ్ల కండ తగ్గడం, ఒకే కీలును నాకుతూ ఉండడం, ముట్టుకుంటే విసుక్కోవడం ప్రధాన లక్షణాలు. వీటిని ముసలితనంగా భావించి వదిలివేయడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది.

కీళ్లను చేతితో పరీక్షించి, ఎక్స్‌రే ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు. ఎక్స్‌రేలో కనిపించే మార్పుల తీవ్రతకు, కుక్క అనుభవించే నొప్పికి ఎప్పుడూ పొంతన ఉండదని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. జ్వరంతో పాటు ఒకటికి మించిన కీళ్లలో వాపు, ఒక కాలి నుంచి మరొక కాలికి మారే కుంటు ఉంటే పిడుదుల ద్వారా సోకే ఎర్లీషియోసిస్ వంటి వ్యాధులకు రక్త పరీక్ష చేయించాలి. అటువంటి కుక్కకు కీళ్ల మాత్రలతో కాలయాపన చేయడం ప్రమాదకరం.

బరువు తగ్గించడం ప్రథమ చికిత్స

అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలపై జీవితకాలం సాగిన అధ్యయనం ఈ విషయంలో గట్టి ఆధారం. ఒకే ఈతకు చెందిన పిల్లలను జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి రెండవదాని కంటే 25 శాతం తక్కువ మేత ఇచ్చారు. తక్కువ తిన్న కుక్కల మధ్యగత ఆయుర్దాయం 13.0 సంవత్సరాలు కాగా, ఎక్కువ తిన్నవాటిది 11.2 సంవత్సరాలు. తుంటి కీలులో అరుగుదల ఎక్స్‌రేలో మొదట కనిపించిన మధ్యగత వయసు ఎక్కువ తిన్నవాటిలో 6 సంవత్సరాలు, తక్కువ తిన్నవాటిలో 12 సంవత్సరాలు.

వ్యాధి వచ్చిన తరవాత కూడా బరువు తగ్గడం ఫలితమిస్తుంది. స్థూలకాయ కుక్కలు తమ బరువులో సుమారు 6 శాతం తగ్గేసరికే కుంటు గణనీయంగా తగ్గినట్లు పరిశోధనలో తేలింది. 36 కిలోల కుక్కకు ఇది దాదాపు 2 కిలోలు మాత్రమే. వారానికి శరీర బరువులో 1 నుంచి 2 శాతం చొప్పున తగ్గిస్తే మూడు నుంచి ఆరు వారాలలో ఈ స్థాయికి చేరవచ్చు.

మేతను లెక్కించడానికి కుక్క ఉండవలసిన బరువును కిలోలలో తీసుకుని, దాని 0.75 ఘాతాన్ని 70తో గుణించాలి. ఉండవలసిన బరువు 30 కిలోలైతే 0.75 ఘాతం 12.8 అవుతుంది. రోజుకు ఇవ్వవలసిన శక్తి సుమారు 900 కిలో కేలరీలు. పెరుగన్నం, నెయ్యి, బిస్కట్లు, ఇంటిల్లిపాదీ తమ కంచాలలో నుంచి వేసే ముద్దలు అన్నీ ఈ లెక్కలోకే రావాలి. పక్కటెముకలు చేతికి సులభంగా తగలడం, పైనుంచి చూస్తే నడుము సన్నగా కనిపించడం సరైన బరువుకు గుర్తులు.

అనుబంధ పోషకాలు

ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు: అనుబంధ పోషకాలలో మెరుగైన ఆధారాలు ఉన్నవి చేప నూనెలోని ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. ఆమ్లాలు. ఇవి కీలులోని వాపును తగ్గిస్తాయి. పోషణ శాస్త్రంలో సూచించిన మోతాదు, బరువు యొక్క 0.75 ఘాతానికి 310 మి.గ్రా. చొప్పున, 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 4 గ్రాములు. మనుషులు వాడే 1000 మి.గ్రా. సాధారణ చేప నూనె గుళికలో ఈ రెండు ఆమ్లాలు కలిపి దాదాపు 300 మి.గ్రా. మాత్రమే ఉంటాయి. అంటే రోజుకు ఒక గుళిక ఇవ్వడం నామమాత్రమే. మోతాదు మొత్తం అటువంటి గుళికలతోనే ఇస్తే 13 గుళికలు అవసరమై, వాటి నుంచి సుమారు 120 కిలో కేలరీలు అదనంగా చేరతాయి. ఇది పైన చెప్పిన 900లో ఎనిమిదో వంతు కంటే ఎక్కువ. అందువల్ల గాఢత ఎక్కువగా ఉన్న ఉత్పత్తిని ఎంచుకుని, కొద్ది మోతాదుతో మొదలుపెట్టి పెంచాలి. విరేచనాలైతే తగ్గించాలి.

గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్: ఎక్కువగా అమ్ముడయ్యే ఈ పోషకాలకు ఆధారాలు బలహీనం. ఒక పరీక్షలో 70 రోజుల తరవాత కొంత మెరుగు కనిపించగా, మరికొన్నింటిలో ఏ ప్రభావమూ కనిపించలేదు. 2022లో ప్రచురితమైన సమగ్ర సమీక్ష నొప్పి నివారణకు వీటిని సిఫారసు చేయరాదని తేల్చింది. ఆకుపచ్చ పెదవి ఆల్చిప్ప పొడి, డీనేచర్ కాని రెండవ రకం కొల్లాజెన్‌లపై కొంత ఆశాజనక సమాచారం ఉంది.

మరి వాడినవారు గుణం కనిపించిందని ఎందుకు చెబుతారు? ఉత్తుత్తి మందు ఇచ్చిన కుక్కల నడకను యంత్రంతో కొలిచినప్పుడు మార్పు లేకున్నా, సగానికి పైగా సందర్భాలలో యజమానులు మెరుగుపడిందని నమోదు చేసినట్లు పరిశోధన చెబుతోంది. ఆత్మీయత చూపును మార్చగలదు. అందుచేత పోషకం మొదలుపెట్టే రోజున, ఎనిమిది వారాల తరవాత ఒకే చోట కుక్క నడకను వీడియో తీసి పోల్చాలి. తేడా లేకుంటే ఆపివేయాలి. మనుషుల నమిలే మాత్రలలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషమని మరువరాదు.

నొప్పి నివారణ మందులు

నొప్పి ఉన్న కుక్కకు పశువైద్యుడు సూచించిన మెలాక్సికామ్, కార్‌ప్రోఫెన్ వంటి మందులు అవసరం. వాడకానికి ముందు, దీర్ఘకాలం వాడేటప్పుడు మధ్యమధ్య కాలేయం, మూత్రపిండాల పనితీరును రక్త పరీక్షలతో చూడాలి. వాంతులు, నల్లని మలం, మేత మానడం కనిపిస్తే మందు వెంటనే ఆపి వైద్యుని సంప్రదించాలి. ఈ మందులను స్టెరాయిడ్లతో గాని, ఒకదానితో మరొకటి గాని కలిపి వాడరాదు.

మనుషుల మందులు సొంతంగా ఇవ్వడం ప్రాణాంతకం కావచ్చు. 10 కిలోల కుక్కకు మెలాక్సికామ్ నిత్య మోతాదు 1 మి.గ్రా. కాగా, మనుషుల మాత్రలో 7.5 లేదా 15 మి.గ్రా. ఉంటుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల జీర్ణాశయంలో పుండ్లను, మూత్రపిండాల వైఫల్యాన్ని కలిగిస్తాయి. రాబందుల మరణాల కారణంగా పశువైద్యంలో డైక్లోఫెనాక్ తయారీని భారత ప్రభుత్వం 2006లో నిలిపివేయించింది. అయినా మనుషుల మందుగా అది ప్రతి ఇంటా దొరుకుతుంది. అందువల్ల ఈ హెచ్చరిక తప్పనిసరి.

వ్యాయామం, గృహ వసతి

పూర్తి విశ్రాంతి వల్ల కండ తగ్గి కీలుపై భారం పెరుగుతుంది. రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ ఒకే నిడివిలో, గొలుసుతో నెమ్మదిగా నడిపించాలి. వేసవిలో తెల్లవారుజామున, చీకటి పడిన తరవాత మాత్రమే నడిపించాలి. బంతి విసిరి పరుగెత్తించడం, గెంతించడం మానాలి. ఈత మంచి వ్యాయామం. గ్రానైట్, టైల్స్ నేలపై కాళ్లు జారకుండా కుక్క తిరిగే దారిలో గోనెపట్టాలు లేదా రబ్బరు చాపలు పరచాలి. మెత్తని పక్క ఏర్పాటు చేసి, గోళ్లు కత్తిరిస్తూ ఉండాలి.

విస్తరణ సూచనలు

సలహా కోసం వచ్చిన యజమానికి ఈ క్రమంలో చెప్పాలి: కుక్కను తూచి బరువు రాసుకోవడం, నిర్ధారణ చేయించడం, మేతను కొలిచి పెట్టడం, నొప్పికి వైద్యుని మందు వాడడం, నడక, నేల సరిచేయడం, ఆ తరవాత అవసరమైతే ఒమేగా-3. పెద్ద జాతి కుక్కపిల్లలకు సమతుల దాణాతో పాటు కాల్షియం టానిక్కులు ఇస్తే ఎముకల ఎదుగుదల దెబ్బతింటుందని, నివారణ కుక్కపిల్ల దశలోనే మొదలవుతుందని కూడా తెలియజేయాలి. అరిగిన కీలును పూర్వస్థితికి తేలేకపోయినా దానిపై పడే భారాన్ని తగ్గించడం ప్రతి యజమాని చేతిలో ఉన్న పని. దానికి కావలసినవి ఒక తూకం, ఒక కొలత గిన్నె.