సంశయ లాభం

సైన్యంలో చేరగోరే యువకునికి ముందుగా వైద్యపరీక్ష జరుగుతుంది. శరీర దార్ఢ్యం, చూపు, వినికిడి సక్రమంగా ఉన్నాయని వైద్యులు ధ్రువీకరించిన తరువాతనే అతనికి ప్రవేశం లభిస్తుంది. అలా చేరినవాడు కొన్నేళ్లకు రోగగ్రస్తుడై ఇంటిదారి పట్టవలసి వస్తే, ఆ రోగానికి కారణం సైనిక జీవితమేనా? కాదంటే, ఆ సంగతిని నిరూపించవలసినది ఎవరు? 2013 జూలై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది.

ఆ వ్యాజ్యం వేసినవాడు సైన్యంలోని సిగ్నల్స్ విభాగానికి చెందిన ఒక సైనికుడు. 1985లో చేరిన అతనిని మూర్ఛవ్యాధి కారణంగా 1994లో సేవ నుండి పంపివేశారు. సిపాయికి సాధారణ పింఛను రావాలంటే పదిహేనేళ్ల సేవ ఉండాలి. అతనికి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఇక వైకల్య పింఛనే ఆధారం. వైద్య మండలి అతని వైకల్యాన్ని 20 శాతంగా నిర్ణయించింది. అయితే ఆ వ్యాధికి సైనిక సేవతో సంబంధం లేదని రాసింది; ఎందుకు లేదో మాత్రం వివరించలేదు. ఆ ఒక్క మాటతో పింఛను అందకుండా పోయింది. హైకోర్టులో ఏకసభ్య ధర్మాసనం అతనికి అనుకూలంగా తీర్పు చెప్పగా, ద్విసభ్య ధర్మాసనం దానిని తోసిపుచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది.

న్యాయమూర్తులు 1982 నాటి పింఛను నిబంధనలను పరిశీలించారు. చేరినప్పటి పత్రాలలో వ్యాధి ప్రస్తావన లేకపోతే, ఆనాటికి ఆ వ్యక్తి ఆరోగ్యవంతుడేనని భావించాలి. తరువాత అనారోగ్య కారణంగా అతనిని పంపివేస్తే, ఆ అనారోగ్యం సేవ వల్లనే కలిగిందని భావించాలి. నిరూపణ భారం సైనికునిపై లేదు. సహేతుకమైన సందేహం మిగిలితే ఆ సంశయ లాభం అతనికే చెందుతుంది. తొలి పరీక్షలో వ్యాధిని కనుగొనడం సాధ్యం కాదని వైద్య మండలి తలిస్తే, అందుకు కారణాలు తెలపాలి. ఈ వ్యాజ్యంలో అటువంటి కారణాలేవీ కనిపించలేదు. అందుచేత న్యాయస్థానం సైనికుని పక్షానే తీర్పు చెప్పింది.

ఆ తరువాత 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. కనుక పాత సూత్రాలన్నీ నేటి సైనికులకు యథాతథంగా వర్తిస్తాయని అనుకోరాదు. ఇటువంటి వివాదాలను 2007 చట్టం ప్రకారం ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్ విచారిస్తుంది. తెలుగు రాష్ట్రాలు దాని చెన్నై ధర్మాసనం పరిధిలోనివి.

నిబంధనలు మారవచ్చు. కాని ఒకరి జీవనాధారాన్ని నిరాకరించేవారు అందుకు కారణం చెప్పి తీరాలన్న నీతి మారేది కాదు.