సీవర్డ్ దారిలో తొందరపడకు

చిరంజీవి మేనల్లుడికి,

ఆగస్టులో స్నేహితులతో అలాస్కా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన ప్లానూ చూశాను. యాంకరేజ్ నుంచి సీవర్డ్ 127 మైళ్ళు, రెండున్నర గంటలు, సాయంత్రానికల్లా వెనక్కి అని రాశావు. ఆ లైను కొట్టెయ్యి నాన్నా. రాత్రికి సీవర్డ్‌లోనే ఉండండి. ఆ రోజుల్లో గదులు దొరకడం కష్టం, ఈ వారమే చూసుకోండి.

యాంకరేజ్ దాటగానే కుడివైపు టర్నగెయిన్ ఆర్మ్ అనే సముద్రపు పాయ మొదలవుతుంది. అక్కడ పోటు ముప్ఫై అడుగుల దాకా లేస్తుంది. ముందురోజే పోటు వేళలు చూసుకుని, నీళ్ళు ఎక్కే సమయానికి బెలూగా పాయింట్ దగ్గర కారు ఆపండి. సాల్మన్ చేపల వెనకే తెల్ల తిమింగిలాలు వస్తాయి. మేం వెళ్ళినప్పుడు పులిహోర డబ్బా ముందు పెట్టుకుని రెండు గంటలు కూర్చున్నాం. నురగ అనుకున్నది విరగకుండా మునిగింది, కాసేపటికి మళ్ళీ తేలింది. అది వీపని మీ అత్తయ్యే ముందు పోల్చుకుంది. అక్కడి ఈ తిమింగిలాల గుంపుని 2008లో అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చారు. మిగిలినవి కొన్ని వందలే.

ఆటు వేళ ఆ పాయంతా బూడిదరంగు నేలలా బయటపడుతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ అది గ్లేసియర్లు కొండరాళ్ళని నూరి తెచ్చిన పిండి. కాలు దిగబడితే సిమెంటులా పట్టేస్తుంది, ఈలోగా పోటు వచ్చేస్తుంది. అక్కడ ప్రాణాలు పోయాయి. ఫొటో కోసమైనా, ఎవరు పిలిచినా, అందులోకి దిగనని నాకు మాటివ్వాలి.

పోర్టేజ్ దగ్గర ఎండి నిలబడిన చెట్లు కనిపిస్తాయి. 1964 భూకంపానికి నేల కుంగి, ఉప్పునీళ్ళు వేళ్ళకెక్కి చచ్చిపోయాయవి. పక్కనే, కిటికీలోంచి గ్లేసియర్ కనిపించాలని 1986లో ఒక భవనం కట్టారు. ఇప్పుడా కిటికీలోంచి సరస్సే కనిపిస్తుంది. గ్లేసియర్ కొండ మలుపు వెనక్కి వెళ్ళిపోయింది.

సీవర్డ్ దగ్గర ఎగ్జిట్ గ్లేసియర్‌కి మాత్రం తీరిగ్గా నడవండి. ఏ ఏడు మంచు అంచు ఎక్కడిదాకా ఉండేదో పలకలు పాతారు: 1917, 1951, 2010. నువ్వు 1951 పలక దగ్గర ఆగు. మీ అమ్మమ్మ పుట్టిన ఏడది. అక్కణ్ణుంచి మంచు కనిపించే చోటిదాకా నడిస్తే, మా అమ్మ ఒక్క ఆయుష్షులో ఎంత కరిగిందో కాళ్ళకే తెలిసింది నాకు. ఆ రాత్రి ఆవిడకి ఫోన్ చేశాను గానీ, ఈ సంగతి చెప్పడానికి గొంతు రాలేదు.

దారిలో మూస్ కనబడితే కారులోంచే చూడండి. మన కణుజు దాని పక్కన దూడలా ఉంటుంది. చెవులు వెనక్కి వాల్చి, మెడమీద వెంట్రుకలు లేపిందంటే మీదికి వస్తుందని అర్థం. అప్పుడు పరుగెత్తి చెట్టు చాటుకి వెళ్ళొచ్చు. ఎలుగుబంటి ముందు మాత్రం పరుగెత్తకూడదు. ఏ జంతువు కనబడినా చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టి చూడు. జంతువు పూర్తిగా మరుగైతేనే నువ్వు తగినంత దూరంలో ఉన్నట్టు. బేర్ స్ప్రే విమానంలో తేనివ్వరు, అక్కడే కొనుక్కోండి.

పగలైనా హెడ్‌లైట్లు వేసే ఉంచాలి. నీ వెనక అయిదు కార్లు చేరితే పక్కకి తీసి దారివ్వడం అక్కడి చట్టం.

పోటు వేళలు చూసుకున్నాక ఒకసారి ఫోన్ చెయ్యి.

నీ మామయ్య