పిన్నలకు సభలో పీట

రాయలసీమ దక్షిణపు కొనయందు మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములు కలవు. మదనపల్లె టమాట మండీకిని, పుంగనూరు పొట్టిజాతి ఆవులకును పేరు పొందినవి. కుప్పము ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రముల సరిహద్దులు కలియు చోటికి చేరువ నున్నది. ఈ ప్రాంతమున వానలు తక్కువ. ఊరుమ్మడి పనులకు నలుగురును చేతులు కలుపు అలవాటు మాత్రము చాల కాలము నుండి కలదు. చెరువు పూడిక తీయునప్పుడును, బడికి గోడ కట్టునప్పుడును పిన్నలు మట్టితట్టలు మోయుచునే యుందురు. కాని ఏ చెరువు పూడిక ముందు తీయవలెను, చేతనున్న సొమ్మును దేనికి వెచ్చింపవలెను అను మాట వచ్చినప్పుడు వారిని పిలుచువారు అరుదు. రచ్చబండ పెద్దలది, తట్ట పిన్నలది.

సేవాసంఘములయందును తఱచుగా ఇదే రీతి. సభకు కుర్చీలు వేయుటకును, అతిథులకు పూలమాలలు అందించుటకును యువకులు కావలెను. తీర్మానము వ్రాయునప్పుడు వారు ఆవలి గదిలో నుందురు. ఈ లోపమును గుర్తించి కొన్ని సంఘములు తమ కార్యవర్గమునకు తోడుగా, బడి వయస్సు వారితోను కళాశాల వయస్సు వారితోను ఒక యువజన మండలిని ఏర్పఱచుకొనుచున్నవి.

ఈ భావము మదనపల్లెకు బొత్తిగా క్రొత్తది కాదు. అనీబిసెంటు 1915లో ఇచ్చట దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించెను. ఆ రోజులలో స్కౌటు దళములలో భారతీయ బాలురకు ప్రవేశము లభింపకుండెను. అందుచే 1917 ప్రాంతమున ఆమెయు, ఆమె సహచరుడగు జార్జి అరుండేలును మద్రాసులో మన బాలురకై ప్రత్యేకముగా ఒక స్కౌటు సంఘమును నెలకొల్పిరి. స్కౌటు పద్ధతిని రూపొందించిన బేడెన్ పవెలు అందు ఒక విశేషమును ఉంచెను. ఆరుగురు మొదలు ఎనమండుగురు వఱకు బాలురు ఒక చిన్న దళముగా నుందురు. వారికి వారిలోనివాడే నాయకుడు. ఈ దళనాయకులందఱును కూడి గౌరవసభగా కూర్చుందురు. ఏ కార్యక్రమమును చేపట్టవలెను, నిధిని ఎట్లు వెచ్చింపవలెను, తప్పు చేసినవానిని ఏమి చేయవలెను అను విషయములను ఆ సభయే నిర్ణయించును. స్కౌటు మాష్టరు ప్రక్కన కూర్చుండి సలహా చెప్పును గాని తీర్పు చెప్పడు. పదునాలుగేండ్ల బాలుని చేతికి లెక్కల పుస్తకమును అప్పగించుట ఆనాటి పెద్దలకు వింతగా తోచియుండును. నేటి పెద్దలకును తోచును.

మదనపల్లె కళాశాల విద్యార్థులు పెద్దలు పీట వేయుదురని వేచియుండలేదు. హోంరూలు ఉద్యమము వ్యాపించిన దినములలో వారు అందు ఉత్సాహముతో పాల్గొనిరి. 1917 జూను నెలలో మద్రాసు ప్రభుత్వము అనీబిసెంటును నిర్బంధించెను. ఉద్యమముతోడి సంబంధము కారణముగా కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయముతో గల అనుబంధము తెగిపోయెను. పట్టము కొఱకు వచ్చి చేరిన పిల్లవానికి అది చిన్న నష్టము కాదు. పిమ్మట ఆ కళాశాల అడయారునందలి జాతీయ విశ్వవిద్యాలయముతో సంబంధము పెట్టుకొనెను. రవీంద్రనాథ ఠాగూరు దానికి కులపతి. 1919 ఫిబ్రవరిలో ఆయన మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఆలపించుట, విద్యార్థులు గొంతు కలుపుట, ఆ నెల 28వ తేదీన ఆయన దానిని ఆంగ్లమున అనువదించుట అందఱును చెప్పుకొను కథ. దానికి ముందు ఆ విద్యార్థులు దేనిని పోగొట్టుకొనిరో చెప్పుకొనువారు తక్కువ.

పిన్నలకు సభలో చోటిచ్చుటకు చట్టము ఎంతవఱకు ఒప్పును? ఆంధ్రప్రదేశమున సంఘముల రిజిస్ట్రేషనుకు 2001 నాటి చట్టమొకటి కలదు; దాని ప్రకారము సంఘమునకు కనీసము ఏడుగురు సభ్యులుండవలెను. 1872 నాటి ఒడంబడికల చట్టము మైనర్లకు ఒప్పందము చేసికొను అర్హతను ఈయలేదు. కావున భవనమును అద్దెకు తీసికొనుట, లెక్కలకు ప్రభుత్వము ఎదుట జవాబుదారి యగుట మున్నగునవి పెద్దల బాధ్యతలే. అయినను అభిప్రాయము చెప్పుటకును, అప్పగించిన పనిని నడుపుటకును ఏ చట్టమును అడ్డు రాదు. తమకు సంబంధించిన విషయములలో పిల్లలు చెప్పు మాటను వారి వయస్సునకు, పరిణతికి తగినట్లు లెక్కింపవలెనని బాలల హక్కుల ఒడంబడికయందలి 12వ అధికరణము చెప్పుచున్నది. దానిని ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదింపగా భారతదేశము 1992లో అంగీకరించెను. ఓటు వయస్సు ఇరువదియొకటి నుండి పదునెనిమిదికి తగ్గినదియు ఆ 1989లోనే.

పొరుగున కర్ణాటకమున దీనిని చేసి చూపినవారు కలరు. పనిచేసి పొట్ట పోసికొను బాలలు అచ్చట 1990లో భీమసంఘమను పేర తమ సంఘమును ఏర్పఱచుకొనిరి. కొన్ని యేండ్లకు కుందాపుర ప్రాంతమున మక్కళ పంచాయితీలు వెలసెను. మక్కళ అనగా కన్నడమున పిల్లల అని అర్థము. పిల్లలే ఓటు వేసి ప్రతినిధులను ఎన్నుకొని, ఊరి పంచాయితీ పెద్దల ఎదుట తమ ఇబ్బందులను పెట్టిరి. వానకాలమున బడికి పోవు దారిలో పొంగు వాగులపై కాలివంతెనలు కావలెనన్నది వారి కోరికలలో నొకటి. పెద్దలు చెడ్డవారు కారు. వారు ఆ దారిన పుస్తకముల సంచితో పోవువారు కారు, అంతే.

కుప్పము దగ్గఱ జరిగినది మఱియొక విధమైన పని. మదనపల్లె చెంత ఋషివ్యాలీ పాఠశాలయందు చదివిన రాంజీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగమును విడిచి, మఱికొందఱితో కలిసి 1999లో అగస్త్య అను విద్యాసంస్థను ప్రారంభించెను. కుప్పము సమీపమున 172 ఎకరముల బీడుభూమిని ఆ సంస్థ పచ్చని ప్రయోగశాలగా మార్చెను. సర్కారు బడుల పిల్లలు అచ్చటికి వచ్చి విజ్ఞానశాస్త్ర ప్రయోగములు నేర్చుకొందురు. వారిలో కొందఱిని ఏఱి బాల శిక్షకులుగా తీర్చుదురు. వారు తమ బడికి మరలిపోయి తోడి పిల్లలకు ఆ ప్రయోగములనే చూపి బోధింతురు. నలుగురి ఎదుట నిలిచి మాటాడుటయు, తెలియని ప్రశ్న వచ్చినప్పుడు తెలియదని ఒప్పుకొనుటయు వారికి ఇట్లు అలవడును. బోధించుట వేఱు, నిర్ణయించుట వేఱు, నిజమే. కాని ఇట్టి పిల్లవాడు సభలో మూగవాడై కూర్చుండడు.

ఇక పుంగనూరు వంటి పట్టణమున ఒక సేవాసంఘము కలదనియు, అది ఒక గ్రంథాలయమును నడుపుచు యువజన మండలిని ఏర్పఱచుటకు పూనుకొన్నదనియు అనుకొనవచ్చును. మొదటి చిక్కు ఎవరిని తీసికొనవలెనన్నది. కార్యదర్శిగారి మేనల్లుడు, కోశాధికారిగారి కూతురు, బడిలో మొదటి మార్కు వచ్చిన బాలుడు తేలికగా దొరకుదురు. అట్టివారితో నిండిన మండలి పెద్దల మాటనే సన్నని గొంతుతో చెప్పును. తొమ్మండుగురు చాలు. గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు ఓటు వేసి కొందఱిని ఎన్నుకొనవలెను. చదువు మాని మెకానిక్ షెడ్డులో పనిచేయు బాలుడొకడు, పల్లె నుండి బస్సులో వచ్చు బాలికలు ఇద్దఱైనను అందుండవలెను. పదవీకాలము రెండేండ్లు. ఏటేట సగము మంది మాఱుదురు. అప్పుడు పాతవారు క్రొత్తవారికి పని నేర్పగలరు. పదవ తరగతి పరీక్షలు దగ్గఱపడినప్పుడు సమావేశములు ఉండరాదు. మిగిలిన నెలలలో చివరి బస్సు పోకముందే సభ ముగియవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మండలి చేతికి ఏమి ఇచ్చెదరన్నది. సలహా చెప్పుమనుట చాలదు. విని ఊరకుండుటకు పెద్దలకు తీరిక ఎప్పుడును ఉండును. ఏటా కొను పుస్తకముల సొమ్ములో కొంత భాగమును వారి నిర్ణయమునకే విడువవలెను. మిగిలిన విషయములలో వారు పంపిన ప్రతి తీర్మానమునకు ముప్పది దినములలో కార్యవర్గము వ్రాతమూలముగా బదులీయవలెను. కాదనినచో కారణము చెప్పవలెను. ఈ నియమములు సంఘపు మినిట్సు పుస్తకమున ముందే ఎక్కవలెను.

మొదటి సమావేశము మిక్కిలి చప్పగా నుండును. కార్యదర్శిగారు నలువది నిమిషములు ప్రసంగింతురు; పిల్లలు తలలూపుదురు. రెండవ సమావేశమునకు పెద్దలలో ఒక్కరే వచ్చి వెనుక వరుసలో కూర్చుండిన యెడల మార్పు కనబడును. గ్రంథాలయమును సాయంకాలము అయిదు గంటలకే ఏల మూయుచున్నారని ఒక బాలిక అడుగును. బడి వదలి ఇచ్చటికి వచ్చుసరికి తలుపులు వేయుచుందురు. ఏడు గంటల వఱకు తెఱచి యుంచవలెనని మండలి తీర్మానించును. గ్రంథపాలకునికి అదనపు వేతనము ఇచ్చుటకు సొమ్ము లేదని కార్యవర్గము బదులు వ్రాయును. అచ్చటితో చాల మండళ్లు కునికిపాట్లు పడును. ఈ మండలిలోని మెకానిక్ షెడ్డు బాలుడు మాత్రము రాకపోకల పుస్తకమును తెప్పించి చూచును. మధ్యాహ్నము పండ్రెండు మొదలు రెండు వఱకు వచ్చువారు ఇద్దఱో ముగ్గురో. ఆ రెండు గంటలు మూసి, సాయంకాలము రెండు గంటలు తెఱచినచో వేతనము పెరుగదు. సాయంకాలము ఉండలేని పల్లె బాలికల కొఱకు ఆదివారము ఉదయము తెఱవవలెననియు వారు వ్రాయుదురు.

పెద్దలలో ఒకరు మధ్యాహ్నపు నిశ్శబ్దమున పత్రిక చదువుటకు అలవాటు పడినవారు. వారికి ఈ మార్పు రుచింపదు. అయినను మూడు నెలలు పరీక్షార్థము జరిపి చూచుటకు కార్యవర్గము ఒప్పుకొనును. ఆదివారపు సంగతి తరువాత చూతమని వ్రాయును. ఆ మూడు నెలలు ప్రతి సాయంకాలము ఎందఱు వచ్చిరో లెక్క వ్రాయు పని మెకానిక్ షెడ్డు బాలునికే అప్పగింపబడును.